ఒక్కడికే చోటున్న బండి

డిసెంబరులో మా లెనిన్‌గ్రాద్‌లో మధ్యాహ్నం టీ తాగేలోపే చీకటి పడిపోతుంది. ఆ వేళకి టాక్సీ డిపోలో నా వెల్డింగు పని ముగిసింది. నడుం విరిగిపోతోంది. ఇంటికెళ్ళి ఇంత క్యాబేజీ సూప్ తాగి పడుకుందామనుకుంటే, నా కొడుకు తిమోషా వెనక షెడ్డు దగ్గర ప్లాస్టర్ బస్తాతో తయారయ్యాడు.

"ఒక్క గంటే, అమ్మా."

"నీ గంటల సంగతి నాకు తెలీదట్రా! మీ నాన్నా ఇలాగే అనేవాడు."

షెడ్డులో ఉన్నది వాళ్ళ నాన్న ఎర్మొలాయ్ కట్టిన రేసు బండి. సన్న గొట్టాల చట్రం, డ్రైవరు వీపు వెనకే పాత వోల్గా టాక్సీ ఇంజను, బయటికి పొడుచుకొచ్చిన నాలుగు చక్రాలు. బరువెందుకని స్టార్టరు కూడా పెట్టలేదు మహానుభావుడు, నలుగురం తోస్తే గానీ కదలదు. ఎంత సన్నగా ఉంటే అంత వేగమట! స్టీరింగు ఊడదీస్తే తప్ప మనిషి దిగలేనంత ఇరుకు చేశాడు. రెండు చలికాలాల కిందట మంచు మీద పందెంలో బోల్తా పడితే, ఆ ఇరుకులోంచి ఆయన్ని ప్రాణాలతో లాగలేకపోయాం. అందరితోపాటు నేనూ లాగాను. చేతులు జారిపోయాయి.

మా డిపోలో ఏదీ పారెయ్యరు. వంగిన గొట్టాల్ని తిమోషా మళ్ళీ సరిచేశాడు. ఇప్పుడు తనే నడుపుతానంటాడు. వద్దని అరిచాను, ఏడ్చాను, తిండి మానేశాను. చివరికి అలిసిపోయాను. ఎలాగూ ఎక్కుతాడు, సీటన్నా ఒంటికి సరిపోతే బతికి బయటపడతాడు కదా అని ఒప్పుకున్నాను.

సీటు చెయ్యాలంటే ముందు ఒంటి అచ్చు తియ్యాలి. చట్రంలో పచ్చి ప్లాస్టర్ పోసి, మీద పలచటి రబ్బరు గుడ్డ పరిచి, మనిషిని కూచోబెడతారు. అది గట్టిపడేదాకా కదలకూడదు. గట్టిపడుతుంటే వేడెక్కుతుంది.

స్టీరింగు ఊడదీసి పక్కన పెట్టి తిమోషా కూచున్నాడు. నేను బండి ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, కాళ్ళు కదపకుండా వాడి బూట్లు పట్టుకున్నాను. పాత ఆయిలు వాసన, తడి ప్లాస్టర్ వాసన. రేకుల మీద మంచు రాలుతున్న చప్పుడు.

"కాలుతోందా?"

"లేదమ్మా. చల్లగా ఉంది."

"అదేంట్రా, ఈపాటికి కాలాలే!"

"మంచుగడ్డలా ఉంది..."

అప్పుడే కరెంటు పోయింది. మా డిపోలో అది మామూలే.

"అమ్మా... అంత గట్టిగా పట్టుకోకు."

బూట్లు వదిలేశాను. "వదిలేశా."

"కాళ్ళు కాదమ్మా... నడుం."

నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి.

"వెనకనుంచి ఎందుకలా పట్టుకుంటావ్..." వాడి గొంతు సన్నబడింది. "ఊపిరాడట్లేదు..."

వాడి వెనక ఇంజను. మనిషి కాదు కదా, పిల్లి దూరే సందు కూడా లేదు.

"తిమోషా, నేను నీ కాళ్ళ దగ్గరున్నాను రా..."

ఊపిరి వినిపించింది... రెండు ఊపిర్లు...

తడుముకుంటూ వెళ్ళి, వాడి చంకల కింద చేతులేసి లాగాను. రాలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"వాడు నీ కొడుకయ్యా, ఎర్మొలాయ్! వదులు!"

మళ్ళీ లాగాను. రబ్బరు గుడ్డ చిరిగింది. ఇద్దరం నేల మీద పడ్డాం.

కరెంటు వచ్చింది. అచ్చులో తిమోషా వీపు చక్కగా పడింది. రెండు పక్కలా ప్లాస్టర్ పైకి ఉబ్బి ఉంది. వేళ్ళు... పది వేళ్ళు, ముందుకి చుట్టుకుని... కుడి బొటనవేలు వంకర. ముప్పై ఏళ్ళు పట్టుకు తిరిగిన చెయ్యి, నాకు తెలీదా?

గ్యాసు టార్చి వెలిగించి చట్రం మొత్తం ముక్కలు కోసేశాను. తిమోషా గోడకి ఆనుకుని చూస్తూ ఉండిపోయాడు. "ఇంక నడపనమ్మా" అన్నాడు ఇంటికి నడుస్తూ. నా గుండె మీంచి బండ దిగింది. ఇద్దరం కడుపునిండా తిన్నాం.

మర్నాడు పొద్దున వంటింట్లో టీ తాగి స్టూలు మీంచి లేవబోయాడు. లేవలేకపోయాడు.

"అమ్మా, కాస్త చెయ్యివ్వు" అన్నాడు నవ్వుతూ.

ఇప్పుడు ట్రాములో అయినా, మంచం మీద అయినా, ఎక్కడ కూచున్నా అంతే. డాక్టర్లు ఏమీ లేదంటున్నారు. ఇంకెవరు లాగినా లేవడు, నేనే లాగాలి. మనిషి చూస్తే రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. బరువు మాత్రం పెరుగుతోంది. నా చేతుల్లో సత్తువ తగ్గిపోతోంది.