మూడు ఈలలు

ఆదివారం పొద్దున్నే, సిడ్నీ దగ్గరి కొండల్లోని బ్లాక్‌హీత్ ఊళ్ళో బేకరీ ముందు కూర్చుని గార్త్ నింపాదిగా సాసేజ్ రోల్ తింటున్నాడు. టమాటా సాస్ గడ్డానికి అంటుకుంది. ఎదురుగా కూర్చున్న నోలీన్‌కి అది చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. తన తమ్ముడు డెస్ మట్టిలో కలిసి ఏడాదైంది. వీడికి మాత్రం ఆకలి చావలేదు!

"నువ్వేం తినవా? మనం దిగబోయే గండిలో నీళ్ళు మంచులా ఉంటాయి. కడుపులో ఏదన్నా పడాలి."

"నా కడుపు సంగతి నీకెందుకు? పద."

నోలీన్ సిడ్నీలో స్కూలు బస్సు నడుపుతుంది. నలభై మంది పిల్లల గోలని ఒక్క కసురుతో ఆపే మనిషి. తన కోపాన్నే ఆపుకోలేకపోతోంది. పోయినేడు డెస్, వాడి స్నేహితుడు గార్త్ కలిసి తాడుతో దిగడానికి ఈ గండికే వచ్చారు. గార్త్ ముందు దిగాడు. డెస్ పైనే ఉండిపోయాడు. మర్నాడు జలపాతం కింద మడుగులో శవమై దొరికాడు. విచారణలో గార్త్‌ది ఒకటే మాట. "మూడు ఈలలు వినపడ్డాయి. అందుకే తాడు లాగాను."

ఆ నీళ్ళ హోరులో మాట వినపడదు కాబట్టి గండిలో దిగేవాళ్ళు ఈలలతోనే చెప్పుకుంటారు. పైనుంచి మూడు ఈలలు వినపడితే, 'నేను దిగను, కాలిబాటన వెనక్కి పోతున్నా, తాడు లాగేసుకో' అని.

పోయిన వారం డెస్ కారు అమ్మేద్దామని కడుగుతుంటే సీటు కింద వాడి ఎర్ర ఈల దొరికింది. అంటే ఆ రోజు డెస్ దగ్గర ఈలే లేదు! నోలీన్ దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా మూసింది. "తమ్ముడికి పూలు పెట్టి వస్తా, తీసుకెళ్ళు" అని గార్త్‌కి తియ్యగా ఫోన్ చేసింది.

గంటన్నర నడిచాక అడవి నేల ఒక్కసారిగా చీలింది. పట్టపగలే లోపల చీకటి. తడి నాచు వాసన. ఎక్కడో లోతున నీళ్ళు హోరుమంటున్నాయి. అంచు దగ్గర బండకి దిగగొట్టిన ఇనప కొక్కెంలోంచి గార్త్ తాడుని రెండు పేటలుగా కిందికి వదిలాడు. కింద ఒక కొస లాగితే మొత్తం జారి వచ్చేస్తుంది. తన పసుపు ఈల తీసి నోలీన్ మెడలో వేశాడు.

"కొత్తదానివి, నీ దగ్గరుండనీ. నీ వెనకే దిగుతాగా."

నోలీన్ లోపలి జేబులోంచి కవరు తీసి వాడి మొహం ముందు ఆడించింది.

"ఇదేంటో చెప్పు."

గార్త్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "డెస్‌ది..."

"వాడి కారులో దొరికింది. ఇంక నీకు ఊదిందెవడు? మీ తాతా?"

"నేను విన్నాను నోలీన్. మా పిల్లల మీద ఒట్టు. మూడు..."

"నోర్ముయ్! చలేసి, భయమేసి లాగేశావు. వాడు తాడు లేక దిగబోయి పడ్డాడు. వాణ్ణి చంపేశావు. ముందు నన్ను దింపు. వాడు పడ్డ చోటు చూస్తా. తర్వాత సరాసరి పోలీసుల దగ్గరికే."

నోలీన్ కవరు జేబులో దోపుకుంది. వాడు ఆమెని తాడుకి తగిలించి దింపాడు. మడుగులో నడుంలోతు నీళ్ళు. ఎముకలు కొరికే చలి. పైకి చూస్తే ఆకాశం సన్నటి గీతలా ఉంది. నోలీన్ తాడు విప్పుకుని, పూలు నీళ్ళలో వదిలి, బండ మీదికెక్కి నిలబడింది.

అప్పుడు పైనుంచి ఈల.

ఇంకోటి.

ఇంకోటి...

'పారిపోతున్నాడన్నమాట వెధవ! పోలీసులనగానే తోక ముడిచాడు!' కోపంతో కళ్ళు బైర్లు కమ్మాయి. "పోరా, పో! ఎక్కడికి పోతావో చూస్తా!" రెండు చేతులా తాడు లాగింది. కొస కొక్కెం దాటి, సర్రున జారి, కాళ్ళ దగ్గర కుప్పగా పడింది.

పైన అంచు మీద గార్త్ తల కనపడింది.

"నోలీన్! ఎందుకు లాగావ్?" హోరులోంచి లీలగా వినపడింది వాడి అరుపు.

"నువ్వే ఊదావుగా!"

"నా ఈల నీ మెడలోనే ఉంది!"

చెయ్యి గుండెల మీదికి పోయింది. ఉంది. పసుపు ఈల.

గార్త్ మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. కాలిబాట వాడి వెనకే ఉంది. గంటన్నర నడిస్తే కారు. కానీ వాడు బాట వైపు పోలేదు... దేన్నో చూసి ఒక్కడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. వెనక నేల లేదు.

నోలీన్ నీళ్ళ వెంటే దిగువకి నడిచి బయటపడింది. సాయంత్రం పోలీస్ స్టేషన్లో, దుప్పటి కప్పుకుని కూర్చున్న నోలీన్ నోటి నుంచి ఒకటే మాట వస్తోంది. "మూడు ఈలలు వినపడ్డాయి. అందుకే తాడు లాగాను."

"అబద్ధం!" గోడ పక్క నుంచి గార్త్ పెళ్ళాం లిన్ అరిచింది. "కక్షతో లాగేశావు! చంపేశావు నా మొగుణ్ణి!"

నోలీన్ ఆ కళ్ళని గుర్తుపట్టింది. ఏడాదిగా అద్దంలో చూస్తున్న కళ్ళే అవి.

పోలీసాయన ఆమె దగ్గర దొరికినవి రెండూ బల్ల మీద పెట్టాడు. పసుపు ఈల. కవర్లో ఎర్ర ఈల.

"మరి ఊదిందెవరమ్మా?"

నోలీన్ కవరు వైపు చూసింది. తను మూసింది మూసినట్టే ఉంది. లోపల మాత్రం ఎవరో ఊపిరి వదిలినట్టు ఆవిరి పట్టి ఉంది. ఈల నోటి దగ్గర ఎంగిలి ఇంకా తడారలేదు.