చెనక్కాయల మిల్లు గోడ

మంగళవాడ దాటి పావగడకు వచ్చే బండిబాటలో, ముళ్ళ జాలిచెట్లు మొదలయ్యే వంపు దగ్గర, ఒక చెనక్కాయల మిల్లు ఉండేది. మిల్లు అనడం మర్యాద కోసం. పైకప్పు లేదు, యంత్రం లేదు. మూడు గోడలు కూలిపోయి, పడమటి గోడ ఒక్కటే తెల్లగా నిలబడి ఉండేది. చీకటి పడ్డాక ఆ గోడ పేరెత్తితే ఆడవాళ్ళు కసురుకునేవారు.

అక్కడ రాత్రిపూట ఎవరో పిడి తిప్పుతారని చెప్పుకునేవారు.

కిర్రు... కిర్రు... కిర్రు...

విసుర్రాయి చప్పుడు కాదు. బావి గిలకా కాదు. ఆ చప్పుడుతో పాటు గోడ మీద వెలుగు వణికేదట. చూసినవాడు జ్వరంతో పడకేసేవాడు.

అందుకని ఆ వంపు దాటే ప్రతి బండివాడూ మట్టిచట్టిలో పిడక రాజేసి బండి వెనక కట్టుకునేవాడు. పొగ వెనక ఉన్నంతసేపు దెయ్యం బండెక్కదని నమ్మకం. నేను బెంగుళూరులో బి.ఏ. చదివి వచ్చినవాణ్ణి, ఆ చట్టీలను చూసి నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. ఎందుకో చెబుతాను గానీ, ముందు మనిషి సంగతి చెప్పాలి. దెయ్యం అంతకు ముందు మనిషే కదా.

ఆ మనిషి నారప్ప. మా తాలూకావాడే. నాటకాల కంపెనీలో తెరలకు రంగులు వేస్తూ బెంగుళూరు చేరి, అక్కడ కెమెరా పట్టుకోవడం నేర్చుకుని, మూగ బొమ్మలు, అంటే మాటల్లేని సినిమాలు, తీశాడు. అందరూ మేష్టరు అనేవారు. ఆ రోజుల్లో బొమ్మ అంటే రాజు కత్తి దూయాలి, రాణి గుండెలు బాదుకోవాలి. మేష్టరు బొమ్మల్లో అవేమీ ఉండవు. ఒక ముసలావిడ చేటలో రాళ్ళు ఏరుతూ ఉంటుంది, అంతే. ఏరుతూ ఏరుతూ ఆ చేతులు ఆగిపోతాయి. ఇంట్లో ఎవరో పోయారని మనకు తెలిసిపోతుంది. హాల్లో దగ్గు కూడా వినపడేది కాదు. ఒక మబ్బు కోసం ఆయన పొద్దంతా కెమెరా పక్కన గొడుగేసుకుని కూర్చునేవాడట. పెట్టుబడి పెట్టినవాళ్ళు తల బాదుకునేవారు.

ఆయన బొమ్మలన్నిటిలో సుంకమ్మే కథానాయకి. తెర మీద వేరే ఏదో పేరు వేసేవారు. మాకు మాత్రం సుంకమ్మే. అరసికెరె పిల్ల. గొప్ప అందగత్తె కాదు. కానీ వీపుతో నటించగల మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. మొహం అటు తిప్పి గడపలో నిలబడితే, ఆ భుజాలు చూసి మనకు ఏడుపొచ్చేది.

వాళ్ళిద్దరూ కలిసి చేసిన ఆఖరి బొమ్మను నేను బెంగుళూరులో చూశాను. అందులో చివర సుంకమ్మ ఇల్లు వదిలి, ఎండిపోయిన పినాకిని ఇసుకలో నడిచి పోతుంది. పోతూనే ఉంటుంది. చిన్నదై, చుక్కయి, మాయమవుతుంది. ఒక్కసారి కూడా వెనక్కి చూడదు. ఆ చూడకపోవడం గురించి మేము హాస్టల్లో తెల్లవార్లూ వాదించుకున్నాం. ఇంకెవరు తీసినా ఆమె తిరిగి చూసి కళ్ళు తుడుచుకునేది, నారప్ప కాబట్టి అలా వదిలేశాడు, అంత గుండె ధైర్యం ఎవరికుంది అని నేనే గొంతు చించుకుని చెప్పాను.

ఆ బొమ్మ బయటికి వచ్చేసరికే సుంకమ్మ లేదు. ప్లేగు అన్నారు.

తరవాత మాటల బొమ్మలొచ్చాయి. మూగ బొమ్మలను అడిగే దిక్కు లేదు. పాత రీళ్ళను తూకానికి కొని, బొమ్మ కడిగేసి, గాజులూ దువ్వెనలూ చేసేవారు. ఎంత గొప్ప నటుల మొహాలు ఏ ఊరి సంతలో ఎవరి చేతుల మీద గలగలమన్నాయో! అలా అమ్మడానికి మనసొప్పక, నారప్ప తన రీళ్ళన్నీ డబ్బాల్లో పెట్టుకుని, మూతబడిన ఆ మిల్లులో చేరాడు. అక్కడే వండుకునేవాడు. అక్కడే పడుకునేవాడు. రాత్రిళ్ళు బొమ్మల యంత్రం పిడి చేత్తో తిప్పుతూ, తెల్ల గోడ మీద తన బొమ్మలు తానే వేసుకునేవాడు.

ఆ కాలపు రీలు మహా పాడుది. వేసవి ఎండకు తనంతట తానే అంటుకుంటుంది. అంటుకున్నాక నీళ్ళలో ముంచినా ఆరదు. ఒక వేసవి మధ్యాహ్నం మిల్లు అంటుకుంది. బయట ఉన్న నారప్ప లోపలికి పరుగెత్తాడు. అంతే... ఆయన బొమ్మలూ ఆయనా ఒకే బూడిద.

మిల్లుకు చెడ్డపేరు వచ్చింది ఆ తరవాతే.

ఇక మల్లేశప్ప సంగతి. మూగ బొమ్మల రోజుల్లో తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, జనానికి కథ చెప్పేవాడొకడు ఉండేవాడు. మేష్టరు బొమ్మలకు ఆ పని మల్లేశప్పది. షూటింగుల్లో కూడా ఆయన వెంటే తిరిగేవాడు. మాటల బొమ్మలు వచ్చాక పని పోయింది. పెళ్ళాం కరియమ్మ పుట్టింటికి పోయింది. అయినా ఊరూరా తిరిగి ఒకటే వెతుకులాట — మేష్టరు రీలు ఒక్కటైనా యాడైనా మిగిలుందా అని. నవ్వినవాళ్ళు నవ్వారు. పిచ్చోడన్నవాళ్ళు అన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఒక వేసవిలో దొరికింది. సుంకమ్మ అక్క మారక్క, అరసికెరెలో, జొన్నల కుండ అడుగున ఒక డబ్బా దాచుకుని ఉంది. చెల్లెలి గుర్తుగా మేష్టరు ఇచ్చాడట. మూత తీస్తే ఇసుకలో నడిచి పోయే సుంకమ్మ. ఆ ఆఖరి రీలు ఒక్కటే.

మల్లేశప్ప ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మా అరుగు మీద కూర్చున్న తీరు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. రీలు అప్పటికే జిగటగా కరుగుతోంది, పుల్లటి వాసన. మద్రాసులో నాకు తెలిసినవాళ్ళకు రాస్తే, వెంటనే తెస్తే కాపీ తీస్తాం, ఆలస్యమైతే మా చేతిలో లేదు అన్నారు. ఇది పోతే మేష్టరు అనే మనిషి ఈ భూమ్మీద పుట్టినట్టు గుర్తే ఉండదని మల్లేశప్ప అన్నాడు. 

పగలు తీసుకుపోతే ఎండకు అంటుకుంటుంది. రాత్రే పోవాలి. పెట్రోలు లేని రోజులు. పావగడ నుంచి హిందూపురానికి బొగ్గు బస్సు తెల్లవారుజామున పోయేది, అక్కడ మద్రాసుకు రైలెక్కాలి. (ఆ బస్సును గుట్ట ఎక్కేటప్పుడు మేము దిగి తోసేవాళ్ళం, అది వేరే కథ.) మా పొలం కోరుకు, అంటే పంటలో పాలుకు, చేసే కొల్లప్పను బండి కట్టమన్నాను. కొల్లప్ప మంచివాడు. జన్మలో బొమ్మ చూసినవాడు కాదు. తెర మీద మనుషులు కదులుతారంటే మమ్మల్ని ఆటపట్టించొద్దు సామీ అనేవాడు.

డబ్బాను తడి గోనెసంచిలో చుట్టి బండి వెనక పెట్టారు. లాంతరు వద్దన్నాడు మల్లేశప్ప. బీడీ ముట్టించొద్దని కొల్లప్పతో ఒట్టు వేయించుకున్నాడు. చీకట్లో వాళ్ళిద్దరూ బయల్దేరారు.

తరవాత జరిగింది నాకు కొల్లప్ప చెప్పిందే.

ఎన్నో రాత్రులు నిద్ర లేనివాడు మల్లేశప్ప, మంగళవాడ దాటగానే కునుకు తీశాడు. వంపు దగ్గర పడింది. గాలి లేదు. ఎద్దులు ఆగి, చెవులు నిక్కబొడుచుకున్నాయి. కొల్లప్పకు గోడ సంగతి గుర్తొచ్చింది. తన ప్రాణం సరే — వెనక ఒక మనిషి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాణ్ణే దెయ్యం ముందు పట్టుకుంటుందని వాళ్ళ నమ్మకం. మెల్లిగా దిగాడు. చట్టిలో పిడక రాజేశాడు. బండి వెనక కట్టాడు.

“బీడీ వద్దన్నాడు గానీ పిడక వద్దనలేదు సామీ,” అన్నాడు నాతో, తల ఎత్తకుండా. “అది నిప్పు అనుకోలేదు. రక్ష అనుకుంటి.”

గోడ ఎదురుగా వచ్చేసరికి వెనక బుస్సుమంది.

మల్లేశప్ప లేచేసరికి గోనె మండుతోంది. మండుతున్న డబ్బాను ఒట్టి చేతులతో కిందికి లాగాడు. ఇసుక పోశాడు. తడిగుడ్డ కప్పాడు. మీద బోర్లా పడి ఒళ్ళుతో అణిచాడు. ఇసుక కిందా మండింది, గుడ్డ కిందా మండింది. పసుపుపచ్చ పొగ. కొల్లప్ప బెదిరిన ఎద్దులను రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాడు. వదిలితే బండి మల్లేశప్ప మీదికి పోతుంది.

అప్పుడు విన్నాడు.

కిర్రు... కిర్రు... కిర్రు...

తల తిప్పితే గోడ వెలిగి ఉంది.

గోడ నిండా ఇసుక. పొద్దు వాలుతున్న ఏటి ఇసుక. అందులో ఒక ఆడమనిషి అటు తిరిగి నడిచి పోతోంది. రంగు లేదు. అడుగుల చప్పుడు లేదు. ఎద్దులు కూడా అటే చూశాయని కొల్లప్ప ప్రమాణం చేశాడు. నడిచి... నడిచి... ఆమె చిన్నదవుతూ ఉంటే తనకు దుఃఖం ముంచుకొచ్చిందట. ఎవరి మనిషో తెలియదు, అయినా పోవద్దమ్మా అనాలనిపించిందట.

 కాని నా చదువు నన్ను వదల్లేదు. మండే రీలు వెలుగు గోడ మీద పడి ఉంటుంది, ఆ భయంలో ఏదో కనపడి ఉంటుంది, సుంకమ్మ నడక సంగతి దారిలో మల్లేశప్ప చెప్పి ఉంటాడు — ఇలా సర్దుకున్నాను.

మల్లేశప్ప పావగడ ధర్మాసుపత్రిలో ఉన్నాడు. చేతులకు మోచేతుల దాకా కట్లు. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పొగకు గొంతు కాలింది, ఇప్పుడిప్పుడే గుసగుసలాడుతున్నాడని కాంపౌండరు చెప్పాడు. ఏం చెప్పి ఓదార్చాలి? కొల్లప్ప మాటే చెబుదామనుకున్నాను. రీలు పోయినా, పోయే ముందు ఒక్క మనిషైనా చూశాడు కదా.

గోడ, ఇసుక, నడక... అన్నీ చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నాడు. చెంపల మీద నీళ్ళు కారాయి. కొల్లప్ప చివర చెప్పిన మాట ఒకటి మిగిలింది.

“అంత దూరం పోయి, ఆమె తిరిగి చూసిందట,” అన్నాను.

కళ్ళు తెరిచాడు.

“తిరగదప్పా,” అన్నాడు. ఆ గొంతు ఎండాకు గీసుకున్నట్టుంది. “మా బొమ్మలో ఆ యమ్మ తిరగదు. నువ్వు చూసినావు కదా.”

“చూశాను. అదే కదా మేష్టరు గొప్పతనం—”

కట్టు కట్టిన చేయి ఎత్తి ఆపాడు.

“ఏంది గొప్పతనం? తిరగాల్సిందే. ఆ చూపు కోసమే ఆయన ఆ కథ రాసుకున్నాడు. ఆ పొద్దు ఆ యమ్మకు జ్వరం. ఆయనకు తెలీదు, మాకెవురికీ తెలీదు. దూరం పోయినాక నేను పేరు పెట్టి పిలుస్తా, అప్పుడు తిరుగు అన్నాడు. ఆయన పిలవకముందే... ఇసుకలో కూలిపోయింది. అది కత్తిరించేసి, ఉన్నంత వరకే చూపించినారు. జనం మెచ్చుకున్నారు. ఎవురు మెచ్చుకున్నా ఆయన లేచి పోయేవాడు. ఇంకొంచెం ముందే పిలిచుంటే... అని దానికే చచ్చినాడు, అప్పుడే. మిల్లులో కాలింది ఒట్టి ఒళ్ళు.”

 అతనికి దగ్గు తెర వచ్చింది. తగ్గాక, నా వైపు జరగబోయి జరగలేక, పెదాలు మాత్రం కదిపాడు.

“ఎట్ల తిరిగింది? కొల్లప్ప ఏమన్నాడు? ఊరికే తిరిగిందా?”

కొల్లప్ప చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఊరికే తిరగలేదు. ఎవరో ఒక్కసారి, గట్టిగా, సుంకమ్మా అని పిలిచారట. అప్పుడు తిరిగిందట. తిరిగి, మనలను చూసినట్టే చూసి, నవ్విందట. ఆ తరవాత గోడ ఆరిపోయింది.

“నువ్వే పిలిచావని చెప్పాడు,” అన్నాను. “పొగలోంచి మల్లేశన్న కేకేసినాడు సామీ, అన్నాడు.”

మల్లేశప్ప కట్టు కట్టిన వేళ్ళతో మెల్లిగా తన గొంతు తాకి చూపించాడు.

“డబ్బా మీద పడినప్పుడే పోయింది ఇది,” అన్నాడు. “నేను పిలవలేదప్పా.”