దిగి తోయండి

తక్కువకి వస్తోందంటే చాలు, మా బావ కళ్లు మూసుకుని కొంటాడు. చెప్పులైనా అంతే, ఫ్రిజ్ అయినా అంతే. ఈసారి కొన్నది ఓ పాత పెద్ద బండి. మూడు వరసల సీట్లు, వెనక డోరుకి వేలాడే స్టెప్నీ, మంచమంత బానెట్. ముగ్గురున్న సంసారానికి ఇంత బండి ఎందుకని అడిగితే "వదిలేస్తే మళ్లీ దొరకదు బావా" అన్నాడు. అమ్మినవాడు తాళం చేతిలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడట. ఇలాంటి గిరాకీ దొరికితే నేనైనా పరిగెత్తేవాణ్ణే.

బావకి వేరే ఊరు బదిలీ అయింది. మర్నాడు పొద్దున్న అక్కడ ఉద్యోగంలో చేరాలి. దానికి ముందురోజు సాయంత్రమే మా చెల్లెల్నీ, వాళ్ల పాపనీ ఎక్కించుకుని బయలుదేరాలని ఏర్పాటు. ఆ రోజు పొద్దున్నే బండి తెచ్చి నా షెడ్డులో పెట్టాడు.

"డీజిల్ మంచినీళ్లలా తాగేస్తోంది బావా. పొగ, దడదడ. నువ్వు బాగుందంటేనే వాళ్లని ఎక్కిస్తాను. లేదంటే బస్సులో పోతాం."

"ఎన్ని వీడియోలు చూశావు?" అన్నాను.

ముఖం చిన్నబోయింది. చూసే ఉంటాడు. పానా పట్టుకోవడం రానివాళ్లు ఫోనులో వీడియో చూసొచ్చి నాకు ఇంజన్ గురించి చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పక్కకి జరిగి గొంతు తగ్గించాడు.

"నవ్వకు. ఒక్కణ్ణే వెళ్తున్నా వెనక సీట్లలో ఎవరో ఉన్నట్టుంటుంది. పాప కూడా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తుంది."

నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గేరు మార్చడం చేతకానివాడికి దెయ్యం దొరికింది!

బానెట్ ఎత్తగానే దెయ్యాలన్నీ వరసగా బయటపడ్డాయి. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుక గూడు కట్టుకుంది. ఒక ఇంజెక్టర్ కారుతోంది, నల్లపొగ అందుకే. జాకీ మీద ఎత్తి తిప్పితే వెనక చక్రం కదలనని మొరాయించింది, బ్రేకు పట్టేసి ఉంది. టైర్లలో గాలి లేదు. ఇన్ని రోగాలున్న బండి డీజిల్ తాగక పాలు తాగుతుందా? అన్నీ సరిచేశాను. ఇంజన్ గొంతు మారింది. చిన్నపిల్లలా కిలకిలమంది.

ఒక్కటే మిగిలిపోయింది.

ఏ బండికైనా వెనక చక్రానికీ పైన రేకుకీ మధ్య చెయ్యి పెట్టి చూడటం నా అలవాటు. ఖాళీ బండికి జానెడు సందుండాలి. దీనికి బెత్తెడే ఉంది. వెనక బరువు మోసే కమాను స్ప్రింగులు బాగానే ఉన్నాయి, విరగలేదు, సాగలేదు. డిక్కీలో చిత్తుకాగితం కూడా లేదు. అయినా నిండా జనం ఎక్కినట్టు వెనక భాగం కిందికి దిగి ఉంది. సరేలే, పాత ఇనుము, దాని ఖర్మ అనుకున్నాను.

ఇక సీసా పరీక్ష. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, లీటరు సీసాలో డీజిల్ పోసి, బానెట్ కింద కట్టి, ఆ గొట్టం అందులో పెట్టాను. సీసా ఖాళీ అయ్యేదాకా ఎంత దూరం పోతే అదీ మైలేజీ. మీటర్లు అబద్ధమాడతాయి, ఓనర్లు ఇంకా ఎక్కువ ఆడతారు, సీసా ఆడదు.

ఊరు దాటితే రాళ్లగుట్ట. రోడ్డు దాని మీంచి ఎక్కి అవతలికి దిగుతుంది. గుట్ట దాటి కొంత దూరం పోయి, వెనక్కి తిప్పాను. లీటరుకి హాయిగా షెడ్డు చేరాలి. తిరిగొచ్చేటప్పుడు, గుట్ట సగం ఎక్కగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సీసా ఖాళీ. గొట్టం మళ్లీ ట్యాంకుకి కలుపుదామంటే పానాలు షెడ్డులోనే వదిలొచ్చాను.

పొద్దు వాలుతోంది. సన్నగా తుంపర. రోడ్డు మీద పురుగు లేదు. టైరు కింద రాయి పెట్టి నిలబడ్డాను. బండిలోంచి ఏదో వాసన... తడిసి, ఆరకుండా మడతపెట్టిన బట్టల వాసన. లోపల సీటు కిర్రుమంది. వేడెక్కిన ఇనుము చల్లారేటప్పుడు చప్పుడు చేస్తుంది, నాకు తెలియంది కాదు.

కానీ కడుపు మండిపోయింది. నేను బాగుచేసిన బండి నా ముఖం మీద ఉమ్మినట్టయింది. బావ మాటలు గుర్తొచ్చి ఇంకా మండింది. బండి ఆగితే లోపల దర్జాగా కూర్చుని సలహాలిచ్చేవాళ్లని దించి తోయించడం నాకు మహా సరదా. వెనక తలుపు బార్లా తీశాను. ఖాళీ సీట్లకి వంగి దండం పెట్టాను.

"ఏమండోయ్, హాయిగా కూర్చున్నారే! ఊరికే కూర్చుని నా డీజిల్ తాగడమేనా? దిగండి. దిగి తోయండి."

నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను.

సీటు కిర్రుమంది. బండి వెనక భాగం కొంచెం పైకి లేచింది.

మళ్లీ కిర్రు. ఇంకొంచెం లేచింది.

మళ్లీ... మళ్లీ...

నా మోకాళ్ల పక్కనుంచి చల్లగా ఏదో రాసుకుంటూ పోయింది. ఒకటి కాదు. ఒకదాని వెనక ఒకటి. చక్రం మీద సందు చూశాను. జానెడు ఉంది.

బండి కదిలింది.

దిగువకి కాదు... ఎగువకి. ఇంజన్ లేదు, డీజిల్ లేదు. రాయి అక్కడే ఉండిపోయింది, చక్రం ముందుకి దొర్లింది. పరిగెత్తి స్టీరింగ్ ముందుకి దూకాను. అద్దంలో చూస్తే వెనక ఖాళీ రోడ్డు. కానీ బురదలో అడుగుల చప్పుడు... చాలా అడుగులు. బరువుగా రొప్పుతున్న ఊపిర్లు. గుట్ట కొస దాకా తోసుకొచ్చాక, నా చెవి పక్కన ఎవరో మెల్లగా అడిగారు.

"ఇక చాలా?"

బండి దిగువకి మొగ్గింది. తోసినవాళ్లని ఎక్కించుకోవడానికి ఎవరైనా ఆగుతారు. అది మర్యాద. నేను ఆగలేదు. షెడ్డు దాకా బ్రేకు మీద కాలు పెట్టలేదు.

షెడ్డులో లైటు వేస్తే వెనక డోరు నిండా బురద అరచేతులు. పైపు పెట్టి కడిగేశాను. పళ్లు కొరుకుతూ సీసా విప్పి, గొట్టం ట్యాంకుకి కలిపి, డీజిల్ పంపు కొట్టి గొట్టంలో చేరిన గాలి తీశాను. బండి ఒక్క తాళానికి అందుకుంది. సందు జానెడు. భేషైన బండి.

అంతలో బావ, మా చెల్లెలు, పాప సంచులతో ఆటో దిగారు.

"ఏమైంది బావా?"

వెళ్లొద్దు, బస్సెక్కండి అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పొద్దున కడుపు పట్టుకుని నవ్వినవాణ్ణి ఇప్పుడేమని చెప్పను? వీడి ముందా? చచ్చినా చెప్పను.

"ఎలుక," అన్నాను. "నీ దెయ్యం ఎయిర్ ఫిల్టర్‌లో కాపురం పెట్టింది. బండి భేషుగ్గా ఉంది."

పాప వెనక సీట్లోకి తొంగి చూసింది. "మామయ్యా, వాళ్లేరీ?"

"ఎవరే?" అంది మా చెల్లెలు. "దీనికన్నీ పిచ్చి మాటలు."

"గుట్ట మీద ఎక్కడా ఆగకండి" అన్నాను. ఎందుకని అడిగాడు బావ. రోడ్డు జారుతోందన్నాను. ఆ ఊరికి వేరే దారి లేదు. వాళ్లు వెళ్లాక షెడ్డు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. భయమేసింది. భయపడినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

పానాలు సర్దుతుంటే ఫోను మోగింది. మా చెల్లెలు.

"అన్నయ్యా, నువ్వింతేనా? ఒకళ్ల చేత బండి తోయించుకుని వానలో వదిలేసి పోతావా?"

చేతిలో పానా కింద పెట్టాను.

"గుట్ట మీద ఎవరో కొందరు చెయ్యెత్తారు. ఆపొద్దని నేనన్నాను, మీ బావ మనసు నీకు తెలుసుగా. ఈ బండిలోంచే దిగామన్నారు. పాపం తడిసి ముద్దయిపోయారు. వెనక ఎక్కించుకున్నాం."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"అదే చెబుతున్నా. కాస్త దూరం రాగానే బండి బరువెక్కి ఆగిపోయింది. తాళం తిప్పినా పలకట్లేదు. దిగి తోయండి అన్నారు వాళ్లు. నేనూ, మీ బావా తోస్తున్నాం..." ఆయాసపడుతోంది.

"పాప?"

"లోపలే. వాళ్ల ఒళ్లో నిద్రపోయింది."

"తియ్యవే! పాపని బయటికి తియ్యి! ముందు పాపని..."

ఫోనులో ఇంజన్ అందుకుంది.

"హమ్మయ్య," అంది మా చెల్లెలు. అంతలోనే ఆగింది. గొంతు మారిపోయింది. "ఏవండీ... మీరిక్కడే ఉన్నారుగా. తాళం మీ జేబులోనేగా ఉంది?"

బావ ఏదో అరిచాడు. ఫోను ఎక్కడో పడింది. "ఆగండి! ఆగండి!" అంటూ ఇద్దరూ పరిగెడుతున్న చప్పుడు. ఇంజన్ దూరమవుతోంది. దగ్గు లేదు, దడదడ లేదు. నా చేత్తో బాగుచేసిన ఇంజనే. వెతికినా ఒక్క లోపం దొరకదు.

తర్వాత అంతా నిశ్శబ్దం. ఫోను మాత్రం కట్ కాలేదు. ఎవరో దాన్ని నేల మీంచి తీశారు. తడి ఊపిరి ఒకటి వినిపించింది.

"ఇక చాలా?"