బెల్లం రుచి చూడని లింకులు

“సంతకం ఎట్టెయ్ పావనీ. పన్నెండింటికి మన బెల్లం కొనే ఆ హాంబర్గ్ కంపెనీ ఫోన్ సేత్తాది. తప్పు నీదని కాగితముంటే సంఘం పరువైనా దక్కుద్ది.”

పరదేశి గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ. అనకాపల్లి శారదా తీర బెల్లం రైతుల సంఘానికి అతను అధ్యక్షుడు. అతని వెనక పాతికమంది చెరకు రైతులు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ఎదురుగా కుర్చీలో పావని, సంఘం వెబ్‌సైటు నడిపే ఒకే ఒక్క ఉద్యోగి. రాజయ్యపేటలో వలలు అల్లే ఇంట్లో పుట్టి డిగ్రీ దాకా చదివిన పిల్ల. ఆమె ముందు రాజీనామా కాగితం, దాని కింద పోలీసు ఫిర్యాదు.

2008 మార్చి. టైం పదకొండూ ఇరవై.

నిన్నటి దాకా ఇంటర్నెట్‌లో ‘ఆర్గానిక్ బెల్లం’ అని వెతికితే మొదటి పేజీలో మొదటి పేరు ఈ సంఘానిదే. ఈ ఉదయం ఏడో పేజీలో ఉంది.

“ఎవుడో దొంగ లింకులు కొన్నాడంట. పాస్‌వర్డ్ నీ కాడే కదా ఉంది?”

“నేను కొననేదు బాబాయ్. ఒక్కో లింకు కోసం ఉత్తరం రాసేను. బెల్లం ముక్క పార్సిలు పంపేను. తిన్నోళ్ళు బాగుందని వాళ్ళ సైట్లో రాసుకున్నారు. రెండేళ్ళలో నలభై ఒకటి. ప్రతి లింకు వెనకా మన బెల్లం తిన్న మనిషున్నాడు. పేర్లడిగితే సెప్తాను.”

లింకంటే ఒక వెబ్‌సైటు మరో వెబ్‌సైటు తరఫున చెప్పే సాక్ష్యం. మంచి సాక్షులు ఎంతమంది ఉంటే సెర్చ్ ఇంజన్ దగ్గర అంత పరపతి. సాక్షుల్ని డబ్బిచ్చి కొన్నారని తేలితే మాత్రం శిక్ష తప్పదు.

మూలన పాత మానిటర్ విప్పుతున్న మెకానిక్ ఇదంతా వింటున్నాడు. మాసిన చొక్కా జేబు మీద ‘అప్పలరాజు’ అని కుట్టి ఉంది. అసలు పేరు హనోకు. ఎగుమతుల రక్షణకు పనిచేసే రహస్య విభాగంలో ఏజెంట్ నైన్. చేతిలోని టెస్టర్‌లో ట్రాన్స్‌మిటర్. చెవిలో మిరపగింజంత ఇయర్‌పీస్.

ఉదయం చీఫ్ చంద్రమౌళి ఇచ్చిన బ్రీఫింగ్ రెండు నిమిషాలు.

“విదేశీ ముఠా. రంగు కలిపిన బెల్లాన్ని ఆర్గానిక్ అని అమ్ముతున్నారు. వాళ్ళకు అడ్డు ఈ సంఘం. సంఘం పేరు మీద కొన్న లింకుల జాబితా వాళ్ళకు చిక్కింది. శాంపిల్‌గా ఇరవై బయటపెట్టారు. మొత్తం రెండు వందల పన్నెండూ, రసీదులతో సహా, పన్నెండింటికి సెర్చ్ కంపెనీకీ హాంబర్గ్‌కీ మెయిల్‌లో వెళ్తాయి.”

“వెళ్తే?”

“సైటు ఇక ఎవరికీ కనబడదు. ఆర్డరు పోతుంది. మూడు వందల కుటుంబాల చెరకు పొలంలోనే ఎండుతుంది.”

“పంపేదెవరు?”

“అది రోజలిన్ చెప్తుంది. ముఠాలో మన మనిషి. రెండేళ్ళుగా అనకాపల్లి మార్కెట్లో కొనుగోలుదారు వేషంలో తిరుగుతూ మనకు రిపోర్టులు పంపుతోంది.”

పదకొండూ నలభైకి రోజలిన్ దిగింది. తెల్ల కారు, నల్ల గాగుల్స్, నెమలికంఠం రంగు పట్టుచీర, భుజాన లాప్‌టాప్. ముంబై నుంచి సరుకు చూడ్డానికి వచ్చానని చెప్పింది. మెకానిక్ పక్కగా నడుస్తూ మెల్లగా అంది.

“ఈ ఏడు పాకం ముదిరిందా?”

“తీగ దగ్గరే ఉంది,” అన్నాడు హనోకు. కోడ్ సరిపోయింది.

అంత గొడవలోనూ పరదేశి బెల్లం దిమ్మ పగలగొట్టి ఒక ముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఇక్కడ ముక్క నోట్లో కరిగాకే బేరం మొదలవుతుంది. రోజలిన్ ఆ ముక్కను టిష్యూలో చుట్టి పక్కన పెట్టింది. లాప్‌టాప్ తెరిచి ఇంటర్నెట్ డేటా కార్డు గుచ్చింది.

“రేటెంత?”

పరదేశి ముఖం మాడిపోయింది. రైతుల వైపు తిరిగి గొణిగాడు. “ముక్క నోట్లో ఎట్టకుండా రేటడుగుతాదేటి? ఈవిడ మార్కెట్టు మొఖం ఎప్పుడూ సూడనేదురా.”

హనోకు చేతిలో టెస్టర్ ఆగింది. మార్కెట్టు ముఖం చూడని మనిషి రెండేళ్ళుగా మార్కెట్ రిపోర్టులు ఎలా పంపింది? వాటిని ముఠాయే రాసి పంపించింది. రోజలిన్ మొదటి నుంచీ వాళ్ళ మనిషే. మెయిల్ పంపేదీ ఆమే.

పదకొండూ యాభై తొమ్మిది.

“మేడమ్, ఓల్టేజీ తేడాగా ఉంది. మిషను కాలిపోద్ది. ఓపాలి సూత్తాను.”

స్క్రీన్ మీద మెయిల్ వెళ్ళడానికి మిగిలిన సెకన్లు వెనక్కి పరిగెడుతున్నాయి. నలభై. ముప్ఫై తొమ్మిది. రోజలిన్ హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. అది పెదవులకు వేసుకునేది కాదు, మత్తు స్ప్రే. హనోకు మణికట్టు మీద కొట్టాడు. ట్యూబ్ బీరువా కిందికి దొర్లింది. ఆమె రెండో చేయి అతని మెడకు చుట్టుకుంది. పదిహేను. పది. ఊపిరాడకుండానే చేయి చాచి డేటా కార్డు పీకేశాడు.

రెండు దగ్గర అంకె ఆగింది. ఇద్దరు రైతులు రోజలిన్‌ను పట్టుకున్నారు.

ఆమె నవ్వింది. “జాబితాలో కొన్నవాడి పేరున్న కాలమ్ చూశావా, నైన్? నన్ను వదిలెయ్. అది చెరిపేస్తాను. ఎలాగూ ఆ పిల్ల సంతకం పెడుతోంది.”

రెండు వందల పన్నెండు వరసల్లోనూ ఒకటే పేరు. నైన్.

రెండేళ్ళ కిందట అతని మొదటి మిషన్ ఇదే సంఘం. నలభై రోజుల్లో సైటు మొదటి పేజీకి రావాలన్నది విభాగం ఆర్డరు. ఉత్తరాలూ పార్సిళ్ళూ నడిచే వేగానికి నవ్వుకుని, పావని పాస్‌వర్డ్‌తో దొంగచాటుగా లోపలికి దూరి లింకులు కొన్నాడు. ముప్ఫై ఎనిమిదో రోజుకు మొదటి పేజీ. దానికి మెడల్ కూడా ఇచ్చారు. ఈ ఉదయం బ్రీఫింగ్‌లో చీఫ్ ఆ సంగతి అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఇయర్‌పీస్‌లో చంద్రమౌళి గొంతు. “మంచి డీల్, నైన్. అమ్మాయి సంతకం పెట్టగానే ఫైల్ క్లోజ్. నీకు ప్రమోషన్.”

పావని లేచి వచ్చి స్క్రీన్ చదువుతోంది. “జూదం సైట్లు... గుర్రప్పందేలు... నిద్రమాత్రలు... బాబాయ్, వీళ్ళెవరికీ నేను బెల్లం పంపనేదు.”

టేబుల్ మీద ఫోన్ మోగింది. హాంబర్గ్. పరదేశి ఫోన్ ఎత్తకుండా పావని వైపు తిరిగాడు.

“ఎవుడు కొన్నాడని అడుగుతారు. ఏటి సెప్పను?”

పావని కుర్చీలోకి వెళ్ళి పెన్ను తీసింది. “నా పేరే సెప్పు బాబాయ్. సెరుకు ఎండిపోకూడదు.”

హనోకు ఇయర్‌పీస్ పీకి చల్లారిన టీ గ్లాసులో వేశాడు. పావని చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు.

“దొంగ లింకులన్నీ మనమే తీయించేస్తామని చెప్పండి. సెర్చ్ కంపెనీకి మనమే రాస్తామని చెప్పండి. మొదటి పేజీ పోతుంది. ఆర్డరూ పోవచ్చు. పావని తెచ్చిన నలభై ఒకటి మాత్రం ఎవరూ పీకలేరు. మళ్ళీ అక్కణ్ణించి ఎక్కాలి.”

“ఎన్నాళ్ళు?”

“రెండేళ్ళు. మూడేళ్ళు.”

“మూడేళ్ళా!” పరదేశి అతని చొక్కా పట్టుకున్నాడు. “మా నోట్లో మట్టి కొట్టినోడు ఎవుడాడు? పేరు సెప్పు!”

ఎందరి గుట్టో బయటపెట్టిన హనోకుకు ఇంత సులువుగా దొరికిన దొంగ మరొకడు లేడు.

“ఆడి పేరు అప్పలరాజు కాదు పెసిడెంటు గారూ,” అన్నాడు. “హనోకు. మీ చేతిలో ఉన్నది వాడి చొక్కాయే.”