అలచర్మం

2074 నాటికి భీమిలి నుంచి కాకినాడకు జనం పడవల్లోనే వెళ్తున్నారు. ఆ ప్రయాణికుల పడవలకు ఏ కొత్త పరికరం పెట్టాలన్నా, ముందు పందెం పడవల మీద పరీక్షించి చూడడం అప్పటి ఆనవాయితీ.

పందేలన్నీ జంటపడవలవే. రెండు సన్నని అడుగుభాగాలు, వాటి మధ్య సొరంగం లాంటి ఖాళీ. వేగంగా పోతుంటే ఆ ఖాళీలో గాలి దూరి పడవను పైకి లేపుతుంది. నీటి రాపిడి తగ్గి వేగం ఇంకా పెరుగుతుంది. చిక్కంతా అలలతోనే. అడుగు కోసుగా ఉంటే అలను చీలుస్తుంది గానీ వేగం చాలదు. చదునుగా ఉంటే నిలకడ నీళ్ళలో దూసుకుపోతుంది గానీ అల తగిలితే సుత్తిదెబ్బే. ఆ పైన ముక్కు కాస్త ఎక్కువ లేచిందా, గాలి పడవను వెనక్కి పల్టీ కొట్టిస్తుంది.

నౌకా ఇంజనీరు హైమవతి పదకొండేళ్ళు కష్టపడి దీనికి మందు కనిపెట్టింది. పడవ అడుగున నాలుగు వేల చిన్న పలకలు. ఎదురొచ్చే అలను లేజర్‌తో ముందే కొలిచి, అల తగిలే క్షణానికి అవి అడుగును కోసుగా మారుస్తాయి, దాటగానే చదును చేస్తాయి. దానికి ఆమె పెట్టిన పేరు అలచర్మం.

మొదట నడిపింది గరికిన పోలమ్మ. జాలరిపేట పిల్ల, పదేళ్ళుగా పందెం డ్రైవరు. నిలువెత్తు అలల్లో గంట తిప్పి వచ్చి, "మేడమ్, రోడ్డు మీద పోయినట్టుంది" అంది. ఆ ఏడు కప్పు ఆమెదే. మరుసటి ఏటికి పదకొండు పడవలకూ అలచర్మం వచ్చేసింది.

మొదటి పందెంలోనే అయిదు పడవలు పల్టీ కొట్టాయి. ఒకతను చనిపోయాడు. పోలమ్మకు భుజం ఎముక విరిగింది.

హైమవతి రికార్డులన్నీ తిరగేసింది. పలకలు ఒక్కటీ తప్పు చెయ్యలేదు. అలచర్మం తట్టుకోగలిగిన వేగం గంటకు నూట తొంభై కిలోమీటర్లు. అయిదుగురూ రెండువందలు దాటారు.

ఆస్పత్రికి వెళ్ళి అడిగింది. "వేగం హద్దు దాటిందని తెర మీద ఎర్ర అంకె కనబడలేదా పోలమ్మా?"

"కనబడింది మేడమ్. ఒళ్ళు నమ్మలేదు." పోలమ్మ కళ్ళు మూసుకుంది. "ఇదివరకు నడుం విరిగిపోతాదని భయమేసి తగ్గించేవోళ్ళం. ఇప్పుడు కుదుపే లేదాయె. ఎంత జోరుగా పోతన్నామో ఎలా తెలుస్తాది? ఆ కుదుపు మాకు తిరిగిచ్చెయ్యండి."

హైమవతి ఆ రాత్రి నిద్రపోలేదు. అలల దెబ్బ తీసెయ్యడానికి పదకొండేళ్ళు పట్టింది. తిరిగి పెట్టడానికి నాలుగు నెలలు చాలాయి. వేగం హద్దుకు దగ్గరవుతున్న కొద్దీ డ్రైవరు సీటు కింద మోటారు గట్టిగా కుదుపుతుంది. పందేల కమిటీ దాన్ని తప్పనిసరి చేసింది. చనిపోయినతని పడవకు కొత్త డ్రైవరు వచ్చాడు.

తర్వాతి పందెం రోజు పొద్దున్నే ఆమె పడవలన్నీ తనిఖీ చేసింది. ప్రతి సీటు మీదా జానెడు మందం స్పాంజి దిండు! అందరికంటే మందంగా ఉన్నది పోలమ్మ దిండు.

"అడిగింది నువ్వే కదే!"

పోలమ్మ తల దించుకుంది. "కుదుపుకి నేను జోరు తగ్గిస్తే పక్కోడు దాటిపోడా మేడమ్? ఆడు తీస్తే నేనూ తీసేస్తాను."

హైమవతి ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది. పదకొండు మందీ అదే మాట. ఆమె కాసేపు జెట్టీ మీద నిలబడి ఆలోచించింది. తర్వాత అందరినీ పిలిచి, "ఎవరి దిండూ వాళ్ళు తియ్యక్కర్లేదు. పక్కవాళ్ళది తియ్యండి" అంది.

మాట పూర్తికాకముందే పదకొండు మందీ పక్క పడవల్లోకి దూకారు. నిమిషంలో దిండ్లన్నీ జెట్టీ మీద పడ్డాయి.

ఆ రోజు అలలు చాలా పెద్దవి. అయినా పదకొండు పడవలూ ఒడ్డుకు చేరాయి. నాలుగోదిగా వచ్చిన పోలమ్మ నడుం పట్టుకుని దిగి, "నా దిండు లాగినోడు ఎవడ్రా?" అంటూ వెతుక్కుంటూ వెళ్ళింది.