మూట మీద మూడో చెయ్యి

బట్టల కంపెనీలో ఇస్త్రీ మాస్టారు పని చేస్తూ చేస్తూనే కుప్పకూలిపోయాడు. చుట్టూ అంతమంది ఉన్నా, మొహాన నీళ్లు చల్లడం తప్ప ఏం చెయ్యాలో ఒక్కరికీ తోచలేదు. ఆయన పోయాకే యజమాని కళ్లు తెరిచి, సూపర్‌వైజరు ఫోనులో గుండె ఆగినవాళ్లని ఛాతీ నొక్కి బతికించే సీపీఆర్ నేర్పే యాప్ వేయించాడు. ఆవిణ్ణి అక్కడ అందరూ అక్క అనే పిలుస్తారు.

సాయంత్రం పని ముగిశాక అక్క ఇస్త్రీ గదిలో గుడ్డపీలికల మూటను నేలమీద పడుకోబెట్టి, పక్కన ఫోను పెట్టుకుంది. తోడుగా గుండీలు కుట్టే అమ్మాయి ఆగింది. కిటికీల్లేని గది. ఆవిరి వాసన, మాడిన గంజి వాసన ఇంకా పోలేదు.

“అరచేతి మీద అరచెయ్యి వేసి, ఛాతీ మధ్యలో నొక్కండి,” అంది ఫోనులో ఆడగొంతు.

“మూటకి ఛాతీ ఎక్కడుంటుందక్కా?” అమ్మాయి కిసుక్కున నవ్వింది.

“ఇకిలించకే. లెక్క తప్పుతుంది.”

అక్క కళ్లు మూసుకుని లెక్కపెడుతూ నొక్కసాగింది. తెరిచేసరికి కరెంటు పోయి ఉంది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి.

“ఆపకండి,” అంది అదే గొంతు.

ఆపలేదు. కాసేపటికి చేతులు లాగేశాయి. అప్పుడు ఆమె చేతుల మీద ఇంకో చెయ్యి పడింది. పిల్ల సాయం పడుతోంది కాబోలనుకుంది.

“మెల్లగా నొక్కవే... నలిగిపోతున్నాను,” అంది అక్క.

చెయ్యి ఇంకా బరువుగా దిగింది. చల్లగా... తడిగా... కింద మూట మెత్తగా లేదు. పక్కటెముకల్లా ఏవో తగులుతున్నాయి. అక్క ఛాతీలో కలుక్కుమంది.

“ఆపకండి... ఆపితే ప్రాణం పోతుంది.”

యాప్ ఇలాంటి మాట ఎప్పుడూ అనలేదు.

“ఒసేయ్... నువ్వేనా?” గుసగుసగా అడిగింది.

గుమ్మంలో వెలుగు పడింది. అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో అక్క ఫోను.

“ఫ్యూజు చూద్దామని నీ ఫోనే పట్టుకెళ్లానక్కా, లైటు కోసం. ఎవరితో మాట్లాడుతున్నావ్?”

చేతుల మీది బరువు అప్పుడు లేచింది.

చెప్పులైనా తొడుక్కోకుండా ఇద్దరూ వీధిలో పడ్డారు.

తెల్లారినా అక్కకి ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడుస్తూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకెత్తి చూసింది.

“పక్కటెముకలు చిట్లాయి. గుండె ఆగినవాళ్లని బతికించేటప్పుడు ఇలా అవుతుంది. ఎవరమ్మా నొక్కింది?”

“నేను పడిపోనే లేదండీ.”

“మరి ఇదేంటి? చేతి అచ్చు పడిపోయింది.”

అక్క తల వంచి చూసుకుంది. ఛాతీ మధ్యలో, కమిలిన చోట, మెల్లగా తన అరచెయ్యి ఆనించింది.

వేలికి వేలు సరిపోయింది.