ఓడెట్ కుడి బొటనవేలు

కరెంటు గ్రిడ్ ఇంజినీరు రెమీని చంపడానికి తుపాకీ అక్కర్లేకపోయింది. అతని ఎలక్ట్రిక్ కారు తలుపులను దూరం నుంచే లాక్ చేసి, హీటర్ ఆపేశారు. బయట మైనస్ ముప్ఫై నాలుగు. దొరికేసరికి స్టీరింగ్ పట్టుకునే బిగుసుకుపోయి ఉన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి కెనడాలోని క్యుబెక్ సిటీ గూఢచారి ఆఫీసులో మేడమ్ బెలాండ్ రెండు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించింది.

"చంపింది ఓడెట్. మన ఏజెంటే అనుకున్నాం కానీ కాదయ్యా, పరాయి ముఠా మనిషి. సాయంత్రం ఐదింటికి ఆమె పెట్టిన ఆదేశంతో ఈ రాష్ట్రంలో ప్లగ్గులో ఉన్న కార్లన్నీ ఒక్కసారే ఫుల్లుగా కరెంటు లాగుతాయి. గ్రిడ్ కూలుతుంది. ఇళ్లలో హీటర్లన్నీ కరెంటువే."

ఎదురుగా నిలబడి వింటున్నది ఏజెంట్ ఫ్లోరియాన్. రెండేళ్లుగా ఓడెట్‌తోనే అతని కాపురం. నా బుద్ధి గడ్డి తిన్నదే అనుకున్నాడు. ఉత్తరాన షికూతిమీ ఊళ్లో అతని కూతురు నాలుగు రోజుల బాలింత. కరెంటు పోతే ఆ పసిగుడ్డు తెల్లారేదాకా దక్కదు.

"ఆపేదెలా?"

"ఆ ఆదేశాన్ని ఆమె ఫోనులోనే రద్దు చెయ్యాలి. అది తెరుచుకునేది ఆమె కుడి బొటనవేలికే. అడవి పార్కు మధ్య రోడ్డు మీద ఉత్తరానికి పారిపోతోంది. గంట ముందుంది. మంచుకి ఆ రోడ్డు మూసేశారు, వెనక నువ్వొక్కడివే."

ఇద్దరివీ ఒకే మోడల్ కార్లు, పొద్దున ఇంటి దగ్గర ప్లగ్గు తీసినప్పుడు ఇద్దరికీ అరవై శాతమే ఛార్జింగ్. కానీ ఓడెట్ జూలైలో కూడా మేజోళ్లతో పడుకునే మనిషి. హీటర్ ఫుల్లుగా పెట్టి ఉంటుంది, అదే బ్యాటరీని తాగేస్తుంది. ఫ్లోరియాన్ తనది ఆపేశాడు. ఈ గడ్డ మీద పుట్టినవాడు చేసే పనే అది. అద్దానికి లోపలివైపు పేరుకున్న మంచును గోకుతూ, పళ్లు టకటక కొట్టుకుంటుంటే గంటన్నర నడిపాడు.

నాలుగూ నలభైకి ఆమె కారు కనిపించింది, రోడ్డు పక్కన చచ్చిపడి. మింక్ కోటులో ఓడెట్ పరుగెత్తుకొచ్చింది. పెదాలు నీలమైనా అందంగానే ఉంది, పాపిష్ఠిది.

"ఫ్లోరియాన్, బంగారం, తలుపు తియ్యి!"

అతను అద్దం జానెడు దించాడు. "ముందు ఫోను. తర్వాత వేలు. రద్దయ్యాక ఎక్కించుకుంటా."

"ఒట్టు?"

"ఒట్టు."

ఫోను లోపలికి అందించి వేలు ఆనించింది. ఫోను గుర్తుపట్టలేదు. మళ్లీ ఆనించింది. లేదు. వేలు తెల్లగా గడ్డకట్టుకుపోయింది.

"నన్ను లోపలికి రానియ్యి, వెచ్చబడితే పనిచేస్తుంది!"

"చెయ్యొక్కటే రానీ."

ఆమె చేతిని సందులోంచి లాగి, చొక్కా కింద చంకలో పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు ముద్దుపెట్టుకున్న చెయ్యో. ఆమె మిగతా ఒళ్లంతా బయట గాలికి వణుకుతూనే ఉంది. రక్తం తిరిగి పాకేకొద్దీ నొప్పి నొప్పి అని ఏడ్చింది. అతను గడియారమే చూశాడు.

నాలుగూ యాభై తొమ్మిదికి ఫోను తెరుచుకుంది. రద్దు నొక్కాడు. సర్వర్ ఒప్పుకునేసరికి నాలుగు సెకన్లు మిగిలాయి.

ఫ్లోరియాన్ ఆమె చేతిని బయటికి నెట్టి అద్దం ఎత్తేశాడు.

"ఒట్టేశావు కదరా, నీచుడా!" ఆమె తలుపు బాదింది.

"రెమీ కూడా ఇలాగే తలుపు కొట్టుంటాడు. పోలీసులు గంటలో వస్తారు."

కారు కదిలింది. అతనికి ఏడుపొచ్చింది. అయినా ఆపలేదు. అంతలో మేడమ్ ఫోన్ చేసింది.

"శభాష్! ఓడెట్ ఎలా ఉంది? బతికే ఉందా?"

"కుడి బొటనవేలు మాత్రం వెచ్చగానే ఉంది, మేడమ్."